అమెరికాలో ఆస్పత్రి బిల్లు చేతికొచ్చాక: కట్టే ముందు ఏ క్రమంలో ఏం చేయాలి

అమెరికాలో ఆస్పత్రి పంపే మొదటి బిల్లులోని అంకెను వైద్యం ధర అనుకోకండి. ప్రతి ఆస్పత్రికీ చార్జ్‌మాస్టర్ అనే సొంత ధరల పట్టిక ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు బేరమాడి దాంట్లో చాలా భాగం తగ్గించుకుంటాయి. పెద్ద వయసువాళ్లకు ప్రధానంగా ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ అయితే తన రేటు తనే నిర్ణయించి అంతే ఇస్తుంది. పట్టికలోని పూర్తి అంకె ఎదురయ్యేది ఎక్కువగా ఇన్సూరెన్స్ లేనివాళ్లకూ, ఇన్సూరెన్స్ ఉన్నా క్లెయిమ్ ఎక్కడో ఇరుక్కుపోయినవాళ్లకూ. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ 2022లో లెక్కవేస్తే జనం క్రెడిట్ రిపోర్టుల్లో (అప్పుల చరిత్ర పత్రాల్లో) ఉన్న వైద్య బాకీలే 8,800 కోట్ల డాలర్లు తేలాయి.

ఎక్కువమంది చేసే పొరపాటు కట్టకపోవడం కాదు, తొందరపడి కట్టేయడం. బిల్లు రాగానే భయపడి క్రెడిట్ కార్డు గీకేస్తారు, ఆ తర్వాత తగ్గించమని అడుగుతారు. ముందు సరిచూడాలి, తర్వాత సాయం అడగాలి, ఆ తర్వాత బేరం, చివరికి చెల్లింపు. ఈ వరస తప్పితే డబ్బు పోతుంది.

మొదటి వారం: కట్టొద్దు, లెక్క చూడండి

మొదటి బిల్లు మీద ఉన్న తేదీని రాసి పెట్టుకోండి. కింద చెప్పబోయే 120 రోజులు, 240 రోజుల గడువులు దాన్నుంచే మొదలవుతాయి. ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, మాట్లాడిన వ్యక్తి పేరు, కాల్ రిఫరెన్స్ నంబరు రాసుకోండి. "మాతో అలా ఎవరూ చెప్పలేదే" అని వాళ్లు అన్న రోజున ఆ కాగితమే మీ సాక్ష్యం.

ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళ్లొస్తే నాలుగైదు బిల్లులు రావడం మామూలే. ఆస్పత్రి బిల్లు వేరు, డాక్టర్ల గ్రూపు బిల్లు వేరు, ఎక్స్‌రే చదివిన రేడియాలజిస్టుది వేరు, ల్యాబ్ వేరు, అంబులెన్స్ వేరు. ఒకే తేదీతో తెలియని పేరు మీద బిల్లు వచ్చినంత మాత్రాన అది మోసం కాదు. అలాగని కట్టాల్సినదే అని కూడా కాదు.

ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ నుంచి ఈఓబీ (క్లెయిమ్‌లో ఎవరి వాటా ఎంతో చెప్పే వివరణ పత్రం) వచ్చేదాకా ఆగండి. "ఇది బిల్లు కాదు" అని దాని మీదే రాసి ఉంటుంది, అందుకే చాలామంది పక్కన పడేస్తారు. అసలు లెక్క ఉండేది అందులోనే. ఉదాహరణకు ఆస్పత్రి 18,000 డాలర్లు వేసింది, ఇన్సూరెన్స్ ఒప్పుకున్న రేటు 7,500 అనుకుందాం. మిగిలిన 10,500 అక్కడికక్కడే మాఫీ. మీ డిడక్టిబుల్‌లో (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు ఏటా మీరు కట్టాల్సిన మొత్తంలో) ఇంకా 2,000 మిగిలి ఉంటే అది మీరు కట్టాలి. మిగతా 5,500లో 20 శాతం కోఇన్సూరెన్స్ (ఆపైన ఖర్చులో మీ వంతు) అంటే 1,100. మొత్తం మీ వాటా 3,100. ఇన్‌నెట్‌వర్క్ (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న) ఆస్పత్రి అంతకు మించి ఒక్క డాలరు అడిగినా ఈఓబీ చూపించి కాదనండి. ఏడాదికి మీ జేబు నుంచి పోయేదానికీ ఒక పరిమితి ఉంటుంది. చట్టం ప్రకారం 2025లో అది ఇన్‌నెట్‌వర్క్ వైద్యానికి ఒక్కరికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400. మీ ప్లాన్‌లో ఇంకా తక్కువ ఉండొచ్చు.

ఈఓబీ రానే లేదంటే క్లెయిమ్ ఇన్సూరెన్స్ దాకా వెళ్లలేదేమో అనుమానించండి. మనవాళ్ల విషయంలో దీనికి తరచూ కారణం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, ఇన్సూరెన్స్ కార్డులో ఇంకో చోట, ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌లో రెండూ తారుమారు. పుట్టిన తేదీలో నెల, రోజు అటుదిటుగా పడటం కూడా ఇదే రకం. బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి, కార్డు మీద ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం చదివి, క్లెయిమ్ మళ్లీ పంపమనండి.

ఇంకో రెండు ఇరుకులు ఉన్నాయి. భార్యాభర్తలిద్దరికీ వేర్వేరు కంపెనీల ఇన్సూరెన్స్ ఉంటే, ఏది ముందు కట్టాలో తేల్చడానికి ఇన్సూరెన్స్ వాళ్లు ఒక ప్రశ్నాపత్రం పంపుతారు. దానికి జవాబివ్వకపోతే క్లెయిమ్ ఆపేస్తారు. రెండోది బిడ్డ పుట్టినప్పుడు. ఉద్యోగం తరఫు ప్లాన్‌లో బిడ్డ పేరు చేర్చడానికి సాధారణంగా ఉండేది 30 రోజులే. సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చాక చేరుద్దామని ఆగితే గడువు దాటిపోవచ్చు. నంబరు లేకుండానే చేర్చమని హెచ్‌ఆర్‌ను అడగండి.

ఐటమైజ్డ్ బిల్లు తెప్పించండి

ఇంటికొచ్చే బిల్లులో "ల్యాబ్ సేవలు", "ఫార్మసీ" అంటూ ఏకమొత్తాలే ఉంటాయి. దాంతో ఏదీ తేల్చలేం. సీపీటీ, హెచ్‌సీపీసీఎస్, రెవెన్యూ కోడ్లతో (ఏ సేవ, ఏ వస్తువు, ఏ విభాగం అన్నది చెప్పే అంకెలతో) ఐటమైజ్డ్ బిల్లు, అంటే ఒక్కో అంశం విడిగా ఉన్న బిల్లు కావాలని ఫోన్‌లోనో, పేషెంట్ పోర్టల్‌లోనో అడగండి. దాంతోపాటు వైద్య రికార్డూ అడగండి. రోగుల రికార్డుల గోప్యతకు సంబంధించిన హిపా చట్టం ప్రకారం బిల్లింగ్ రికార్డులు కూడా మీ రికార్డులే, అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. అవి వచ్చేదాకా అకౌంటును హోల్డ్‌లో పెట్టమని చెప్పి, పెట్టినట్టు రాతలో తీసుకోండి.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, రికార్డులో లేనిది బిల్లులో ఏముందో వెతకండి. తప్పులు ఎక్కువగా దొరికే చోట్లు ఇవి.

ఎమర్జెన్సీ విజిట్‌కు 99281 నుంచి 99285 వరకు ఐదు స్థాయిలు. చిన్న గాయానికి కుట్లు వేసి పంపిన రోజుకు 99285 పడిందంటే అడగాల్సిందే. ఏ ఆధారంతో ఆ స్థాయి ఇచ్చారో కోడింగ్ విభాగం చేత సమీక్ష చేయించమనండి.

రక్తపరీక్షల్లో 80053 అనే కోడు 14 పరీక్షల కట్ట. దాన్ని విడదీసి ఒక్కో పరీక్షకూ విడిగా వేస్తే మొత్తం పెరుగుతుంది. మందుల దగ్గర యూనిట్లు చూడండి. ఒక్క డోసు ఇచ్చిన చోట 10 యూనిట్లు అని పడటం టైపింగ్ తప్పే కావచ్చు, కానీ ఆ తప్పు ఖరీదు మీదే. రద్దయిన స్కాన్, రెండుసార్లు పడిన ఇంజెక్షన్ సరేసరి.

రాత్రంతా మంచం మీద పడుకోబెట్టినా కొన్నిసార్లు మిమ్మల్ని అడ్మిట్ చేసినట్టు కాదు, "అబ్జర్వేషన్"లో ఉంచినట్టు రాస్తారు. అది అవుట్‌పేషెంట్ లెక్క. మెడికేర్ ఉన్న పెద్దవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. తర్వాత నర్సింగ్ ఫెసిలిటీ ఖర్చు సాధారణ మెడికేర్ భరించాలంటే వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి, అబ్జర్వేషన్ రోజులు అందులో కలవవు. ఆస్పత్రిలో ఉండగానే రోజూ అడగండి: అడ్మిషనా, అబ్జర్వేషనా?

వార్షిక ఆరోగ్య పరీక్ష ఉచితం కదా, బిల్లెందుకు వచ్చిందని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ గదిలోనే మోకాలి నొప్పి గురించి మాట్లాడితే డాక్టరు ఇంకో విజిట్ కోడు కలపొచ్చు. అది తప్పు బిల్లింగ్ కాకపోవచ్చు. కానీ స్క్రీనింగ్‌గా చేయించుకున్న పరీక్షను వ్యాధి నిర్ధారణ పరీక్షగా కోడ్ చేస్తే మాత్రం సరిచేయించుకోవచ్చు. ఇన్సూరెన్స్ కాదంటున్న చాలా క్లెయిములకు అప్పీలు కన్నా, డాక్టర్ ఆఫీసు కోడు దిద్ది మళ్లీ పంపడమే త్వరగా పని చేస్తుంది.

నెట్‌వర్క్ బయటి డాక్టరు పేరుతో బిల్లు వస్తే

అనుకోని నెట్‌వర్క్ బయటి బిల్లుల నుంచి కాపాడే నో సర్‌ప్రైజెస్ చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఎమర్జెన్సీ వైద్యం ఎక్కడ జరిగినా, ఇన్‌నెట్‌వర్క్ ఆస్పత్రిలో మీరు ఎంచుకోని మత్తు డాక్టరో, రేడియాలజిస్టో, పాథాలజిస్టో నెట్‌వర్క్ బయటివాడైనా, మీ దగ్గర ఇన్‌నెట్‌వర్క్ వాటా మాత్రమే వసూలు చేయాలి. మిగతాది వాళ్లూ ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చుకుంటారు.

రెండు కంతలున్నాయి. రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకు ఈ చట్టం వర్తించదు, హెలికాప్టర్‌కు వర్తిస్తుంది. వినడానికి వింతే అయినా చట్టం అంతే. కొన్ని రాష్ట్రాలు తమ చట్టాలతో రోడ్డు అంబులెన్సునూ కలిపాయి, మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ విభాగాన్ని అడగండి. రెండోది సంతకం. ముందే అనుకున్న ఆపరేషన్‌కు నెట్‌వర్క్ బయటి సర్జన్ మీ చేత సమ్మతి పత్రం రాయించుకుంటే రక్షణ పోతుంది. మత్తు, రేడియాలజీ, ల్యాబ్ లాంటి సేవలకు మాత్రం అలా రాయించుకునే వీలు లేదు.

ఇన్సూరెన్స్ లేనివాళ్లు ముందే నిర్ణయించిన వైద్యానికి గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) అడిగి రాతలో తీసుకోండి. ఆ డాక్టరు లేదా ఆస్పత్రి అసలు బిల్లు ఎస్టిమేట్ కన్నా 400 డాలర్లు, అంతకు పైగా ఎక్కువైతే బిల్లు తేదీ నుంచి 120 రోజుల్లో 25 డాలర్ల రుసుముతో కేంద్ర ప్రభుత్వం దగ్గర వివాదం వేయవచ్చు. ఈ చట్టం ఫిర్యాదుల నంబరు 1-800-985-3059.

ఇన్సూరెన్స్ కాదంటే

తిరస్కరణ ఉత్తరంలో కారణం కోడు చూడండి. ఈఓబీలో మీ వాటా సున్నా అని ఉంటే, అంటే ఆస్పత్రి ఆలస్యంగా క్లెయిమ్ పంపినందుకో, ముందస్తు అనుమతి తీసుకోనందుకో కంపెనీ డబ్బివ్వకపోతే, ఇన్‌నెట్‌వర్క్ ఆస్పత్రి సాధారణంగా ఆ మొత్తం మీ మీద వేయకూడదు. అయినా వేస్తుంటారు. అది మీ అప్పీలు కాదు, వాళ్ల తలనొప్పి.

వైద్యపరంగా అవసరం లేదని కాదంటే మాత్రం 180 రోజుల్లో అంతర్గత అప్పీలు వేయండి. జరిగిపోయిన వైద్యానికి 60 రోజుల్లో, జరగబోయేదానికి 30 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో తేల్చాలి. డాక్టరు చేత ఉత్తరం రాయించేటప్పుడు "అవసరం" అన్న మాట ఒక్కటే సరిపోదు. ఇన్సూరెన్స్ వాడిన క్లినికల్ ప్రమాణాన్ని అడిగి తెప్పించి (ఉచితంగా ఇవ్వాలి), అందులోని ఒక్కో షరతుకూ మీ రికార్డులో ఏ తేదీన ఆధారం ఉందో చూపించాలి. అక్కడా కాదంటే నాలుగు నెలల్లో బయటి స్వతంత్ర సమీక్షకు వెళ్లవచ్చు, దాని తీర్పు కంపెనీకి శిరోధార్యం.

పెద్ద కంపెనీల ప్లాన్లు చాలావరకు సెల్ఫ్‌ఫండెడ్. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా డబ్బు కట్టేది మీ యజమానే. వాటి మీద రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్‌కు అధికారం లేదు. కేంద్ర కార్మిక శాఖకు (1-866-444-3272) ఫిర్యాదు చేయాలి. డబ్బు యజమానిదే కాబట్టి హెచ్‌ఆర్ బెనిఫిట్స్ విభాగం ఒక్క ఈమెయిల్‌తో పని కానిచ్చే సందర్భాలూ ఉంటాయి.

ఆర్థిక సాయం: ఎక్కువమంది వదిలేసుకునే మెట్టు

అమెరికాలో చాలా ఆస్పత్రులు లాభాపేక్ష లేని సంస్థలుగా నమోదై పన్ను మినహాయింపు పొందుతున్నాయి. బదులుగా పన్ను చట్టంలోని 501(ఆర్) సెక్షన్ వాటికి కొన్ని షరతులు పెట్టింది. రాతపూర్వక ఆర్థిక సాయం విధానం ఉండాలి, అది వెబ్‌సైట్‌లో కనబడాలి, అర్హులైనవాళ్ల దగ్గర ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు సగటుగా పడే రేటు కన్నా ఎక్కువ వసూలు చేయకూడదు. మొదటి బిల్లు నుంచి 240 రోజులదాకా దరఖాస్తు తీసుకోవాలి. మొదటి 120 రోజుల్లో కోర్టుకెక్కడం, జీతం జప్తు, క్రెడిట్ రిపోర్టుకు ఎక్కించడం లాంటివి చేయకూడదు. ఆ తర్వాత చేయాలన్నా 30 రోజుల ముందు రాతలో చెప్పాలి.

"మాకు జీతం ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, మాకెందుకిస్తారు" అని అడగకుండానే ఊరుకుంటారు. లెక్క వేసి చూడండి. 2025 కేంద్ర పేదరిక ప్రమాణం నలుగురి కుటుంబానికి 32,150 డాలర్లు. దానికి 200 శాతం అంటే 64,300, 300 శాతం 96,450, 400 శాతం 1,28,600. చాలా ఆస్పత్రులు 200 శాతం లోపు పూర్తిగా మాఫీ చేసి, ఆపైన మెట్లమెట్లుగా తగ్గిస్తాయి. కాలిఫోర్నియా చట్టం 400 శాతం దాకా సాయానికి అర్హత ఇస్తోంది. ఒకే జీతం మీద నడిచే ఇల్లు, ఏడాది మధ్యలో ఉద్యోగం పోయిన ఇల్లు, పీహెచ్‌డీ విద్యార్థి కుటుంబం ఈ గీతల లోపలికి తేలిగ్గా వస్తాయి. ఇన్సూరెన్స్ పోగా మిగిలిన మీ వాటాకూ చాలా చోట్ల ఈ సాయం వర్తిస్తుంది.

దరఖాస్తుకు సాధారణంగా అడిగేవి: నిరుటి పన్ను రిటర్న్, ఇటీవలి రెండు మూడు పే స్టబ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇంట్లో ఎంతమందో ఆధారం. ఉద్యోగం పోయి ఉంటే టెర్మినేషన్ ఉత్తరం తప్పకుండా జతచేయండి, లేకపోతే నిరుటి ఆదాయం చూసి కాదంటారు. పోస్టులో సర్టిఫైడ్‌గా గానీ, పోర్టల్‌లో గానీ పంపి, అందినట్టు రసీదు దాచండి. అసంపూర్తి దరఖాస్తే తిరస్కరణకు మామూలు కారణం. ఏం తక్కువైందో రాతలో చెప్పాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. ముందే కొంత కట్టేసి తర్వాత అర్హులని తేలితే ఎక్కువ కట్టిన సొమ్ము తిరిగివ్వాలి. అయితే ఆ గోడ దూకడం కన్నా అసలు కట్టకుండా ఉండటం తేలిక.

వలస స్థితి గురించి భయం సహజం. ఇది ఆస్పత్రి సొంత రాయితీ, ప్రభుత్వ పథకం కాదు. కొన్ని విధానాలు ఆ జిల్లాలోనో, రాష్ట్రంలోనో నివాసం ఉండాలంటాయి, అది చదువుకోండి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్ సంగతి వేరు. వీసా, గ్రీన్‌కార్డు దశలో ఉన్నవాళ్లు దానికి దరఖాస్తు చేసేముందు ఇమిగ్రేషన్ లాయరును అడగాలి. ఆస్పత్రి డాక్టర్ల గ్రూపు బయటిదైతే దానికి ఈ విధానం వర్తించకపోవచ్చు. ఎవరెవరికి వర్తిస్తుందో ఆ విధానంలోనే జాబితా ఉండాలి.

అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రాకపోతే, కేంద్ర నిధులు తీసుకునే ఆస్పత్రి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. ఫోన్‌లో తెలుగు మాట్లాడేవారిని కలపమని అడగొచ్చు, డబ్బు మాటల సమయంలో కూడా.

బేరం, చెల్లింపు

సాయం దొరకకపోతేనే బేరం. చేతిలో ఆధారం లేకుండా "తగ్గించండి" అంటే పది శాతం విదిలిస్తారు. 2021 నుంచి ఆస్పత్రులు తమ ధరలు వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధన ఉంది. మీ కోడుకు నగదు ధర ఎంతో, వేర్వేరు ఇన్సూరెన్సులు ఎంతిస్తున్నాయో అందులో వెతకండి. మెడికేర్ ఆ కోడుకు ఎంతిస్తుందో దాని వెబ్‌సైట్‌లో చూడొచ్చు. వాటిని ముందు పెట్టి, ఒకేసారి కట్టగలిగిన అంకె చెప్పండి. ఒప్పుకుంటే "ఇంత కడితే బాకీ సున్నా" అని ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు పంపండి.

వాయిదాలైతే వడ్డీ లేని ప్లాన్ అడగండి, చాలా ఆస్పత్రులు ఇస్తాయి. కౌంటర్ దగ్గరే అంటగట్టే మెడికల్ క్రెడిట్ కార్డు జోలికి పోవద్దు. "12 నెలలు వడ్డీ లేదు" అన్న ఆఫర్ చాలాసార్లు వాయిదా వేసిన వడ్డీ. గడువు రోజుకు కొంచెం బాకీ మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ మొత్తం కలిపేస్తారు. మామూలు క్రెడిట్ కార్డు మీద వేసినా నష్టమే. వేసిన క్షణం నుంచి అది వైద్య బాకీ కాదు, ఆస్పత్రితో బేరమూ లేదు, కింద చెప్పే క్రెడిట్ రక్షణలూ లేవు.

కలెక్షన్ ఏజెన్సీ దాకా వెళితే

బాకీలు వసూలు చేసే ఈ ఏజెన్సీ మొదటిసారి సంప్రదించిన ఐదు రోజుల్లో బాకీ వివరాల నోటీసు పంపాలి. అది అందాక 30 రోజుల్లో రాతపూర్వకంగా వివాదం చేస్తే, ఆధారం చూపేదాకా వసూలు ఆపాలి. ఫోన్‌లో ఒప్పుకోలు మాటలు వద్దు. చాలా రాష్ట్రాల్లో పాత బాకీ మీద చిన్న మొత్తం కట్టినా దావా కాలపరిమితి మళ్లీ మొదటికి వస్తుంది. 50 డాలర్లు వేసి వదిలించుకుందామనుకుంటే చచ్చిన బాకీని లేపినట్టే. ఏజెన్సీకి వెళ్లినా 240 రోజుల గడువులో ఉంటే ఆస్పత్రి సాయానికి దరఖాస్తు ఇంకా వేయవచ్చు.

క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలు 2022 నుంచి కట్టేసిన వైద్య బాకీలను రిపోర్టులోంచి తీసేస్తున్నాయి, కట్టనివాటినీ ఏడాది దాకా ఎక్కించవు. 2023 ఏప్రిల్ నుంచి మొదట్లో 500 డాలర్ల లోపున్న బాకీలను చూపడం మానేశాయి. అన్ని వైద్య బాకీలనూ తీసేయాలని 2025 జనవరిలో సీఎఫ్‌పీబీ తెచ్చిన నిబంధనను అదే ఏడాది జులైలో టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. కొలరాడో, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల సొంత చట్టాలు మాత్రం ఉన్నాయి.

కోర్టు సమన్లు వస్తే వదిలేయకండి. సాధారణంగా 20 నుంచి 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కచ్చితమైన గడువు సమన్ల మీదే ఉంటుంది. చేయకపోతే వాదన వినకుండానే తీర్పు వాళ్లకు అనుకూలంగా వస్తుంది, దాంతో జీతం జప్తుకు దారి తెరుచుకుంటుంది. కేంద్ర చట్టం ప్రకారం అది పన్నులు పోగా మిగిలిన జీతంలో 25 శాతం మించకూడదు. టెక్సాస్, పెన్సిల్వేనియా, ఉత్తర, దక్షిణ కరోలినాల్లో ఇలాంటి బాకీలకు జీతం జప్తు మామూలుగా కుదరదు, బ్యాంకు ఖాతా మీదికి మాత్రం రావచ్చు. జవాబులో బాకీ మొత్తాన్ని కాదంటున్నట్టు, ఐటమైజ్డ్ ఆధారం కోరుతున్నట్టు, సాయం దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే ఆ తేదీతో సహా రాయండి. లాయరు ఖర్చు భరించలేకపోతే మీ కౌంటీలోని లీగల్ ఎయిడ్ ఆఫీసుకు సమన్లు అందిన వారంలోనే వెళ్లండి. గడువుకు రెండు రోజుల ముందు వెళితే వాళ్లు కేసు తీసుకోలేకపోవచ్చు.